"ఓకే బేబీ"కి తాత్పర్యం

జ్ఞానాంబ చెనక్కాయలు ఒలుస్తుండగానే పెళ్లికొడుకు రాజారత్నం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పట్టాళం నుంచి సెలవు మీద వచ్చినవాడు. ఆమెను ఒకసారి చూసి, "ఓకే, బేబీ!" అన్నాడు.

ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. తండ్రి ఎల్లప్ప, ముందుజాగ్రత్తగా పిలిపించుకున్న బడి అయివారి వైపు తిరిగాడు.

"ఏమంటాండాడు అయివోరా? పిల్ల నచ్చినట్టా, లేనట్టా?"

అయివారు కండువా సర్దుకుని లేచి, కళ్లు మూసుకున్నారు. "ఓ ఫెయిరెస్ట్ మెయిడెన్! దౌ ఆర్ట్ ద మూన్ ఆఫ్ మై మిడ్‌నైట్..."

"అర్థం సెప్పమంటే మళ్లా ఇంగిలీసేనా!"

"అర్థమే ఇది. తెలుగులో చెబితే పలచబడుతుంది ఎల్లప్పా."

జ్ఞానాంబ చేట మీద నుంచి తలెత్తి పెళ్లికొడుకునే అడిగింది. "మీరన్నది ఇదేనా?"

"ఆయనేమన్నాడో నాకూ తెలీలేదు. ఆ రెండు మాటలే నాకొచ్చేది. దొరలు అంటావుంటే ఇనినాను."

"తెలుగు రాదా?"

"వచ్చు. తెలుగులో అడగాలంటే సిగ్గు."

"అడగండి."

రాజారత్నం చేటలోని గింజలనే చూస్తూ గొంతు తగ్గించాడు. "నేను నీకు నచ్చినానా?"

జ్ఞానాంబ చేతులు ఆగిపోయాయి. పెళ్లి మాట మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. ఒలిచిన గింజలు గుప్పెడు తీసి అతని దోసిట్లో పోసింది.

ఎల్లప్పకు కంగారు పుట్టింది. "అయివోరా, దీనికి అర్థమేంది?"

అయివారు మూలనున్న గొడుగు తీసుకుని గడప దాటారు.