శుక్రవారం క్షమాపణ

ఆ కాలానికి ప్రతి ఇంటి గోడకూ ఒక అంతరాత్మ పెట్టె వచ్చేసింది. శుక్రవారం దీపం పెట్టాక దాని ముందు కూర్చుని, ఆ వారం చేసిన తప్పు ఒప్పుకోవాలి. తప్పు ఎవరి పట్ల చేశామో వాళ్లింటి పెట్టె ఆ మాటల్ని పైకి చదువుతుంది.

అత్తగారికి చివరి రోజుల్లో వకుళ అన్నం పెట్టలేదని తోడికోడలు ఇందుమతి చుట్టాలందరికీ చెప్పింది. ఇవాళ ఆ చుట్టాలంతా ఇందుమతి ఇంట్లో వ్రతానికి చేరారు. వకుళ ఈ శుక్రవారం కోసమే కాచుకుని ఉంది.

"నన్ను మన్నించక్కా," అంది తనింటి పెట్టె ముందు చేతులు జోడించి. "అత్తయ్య మంచాన పడ్డ ఆరు నెలలూ నువ్వు గుమ్మం తొక్కలేదని కోపం పెంచుకున్నాను. ముద్దలు కలిపి తినిపించిన నన్ను పట్టుకుని అన్నం పెట్టలేదన్నావని పళ్లు నూరాను. పాపిష్టిదాన్ని."

"ఇదేం క్షమాపణే! పీట వేసి మరీ వాత పెట్టావు," అన్నాడు భర్త సూరిబాబు.

"ఒక్క ముక్క అబద్ధముంటే చెప్పండి."

కాసేపటికి పెట్టె పలికింది. "అమ్మా, అక్కడ ముప్పై మంది విన్నారు. మీ మనసు తేలికపడిందా?"

వకుళ దీపం వైపు చూసింది. దేవుడి ముందు బొంకడం ఆమెకు చేతకాదు.

"పడలేదు. ఇంకోసారి చదువు, ఈసారి కాస్త గట్టిగా."