నొప్పి పదికి పది

“నొప్పి పదికి ఎంతుందో చెప్పండి.”

“పది, సిస్టర్.”

లారీ డ్రైవర్ పళ్ళ బిగువున చెప్పాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. పెద్ద సిస్టర్‌కు ఒళ్ళు మండింది. ఆపరేషనైన వాళ్ళ ఐసీయూలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఆవిడ. పొట్ట కోస్తే నొప్పి ఉంటుందని ఆవిడకొకరు చెప్పాలా? కానీ ఇతని వెన్నులోకి సన్నటి గొట్టం వేశారు. దాని గుండా పంపు గంటగంటకూ నొప్పి మందు పంపుతూనే ఉంది. సిరంజి సగానికి పైగా ఖాళీ. పక్క మంచం ముసలాయన అదే కోత, అదే మందుతో తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

ఆవిడ అతని భార్యను పక్కకు పిలిచింది.

“మీ ఆయనకు నొప్పి మాత్రల అలవాటుందా?”

ఆమె నీళ్ళు నమిలింది. “నడుం నొప్పికి వేసుకునేవారండీ. ఎప్పుడన్నా…”

“ఎప్పుడన్నానా, రోజూనా?”

“బండెక్కినప్పుడల్లా.”

అదీ సంగతి! మాత్రలకు మరిగిన ఒంటికి ఎంత పోసినా చాలదని తేల్చేసుకుంది పెద్ద సిస్టర్.

“ఆయన దగ్గలేకపోతున్నారు సిస్టర్. కఫం చేరితే మళ్ళీ గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషన్ పెడతామన్నారు. ఇంకొక్క ఇంజెక్షనివ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నా కాళ్ళెందుకమ్మా? దిండు పొట్టకు అదుముకుని దగ్గమను. ఇలాంటి నాటకాలు బోలెడు చూశాను.”

మంచం మీంచి నీరసంగా మాట వినిపించింది. “పోనీ తొమ్మిదని రాసుకోండి సిస్టర్. మీకు కోపం రాకుండా.”

బేరం కూడా మొదలెట్టాడు! ఆవిడ అనుమానం రూఢి అయిపోయింది. డ్యూటీ డాక్టర్ ఫోన్ చేసి అడిగితే, “పంపు బాగానే నడుస్తోంది సార్. మనిషే మందుకు అలవాటు పడ్డాడు,” అంది.

“అయితే పెంచకండి,” అన్నాడాయన.

మధ్యాహ్నానికి అతనికి ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ అంకె దిగిపోతోంది. డాక్టర్ మిషన్ తెమ్మన్నాడు. భార్య గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కదిపితే గోల పెడుతున్నాడని నిన్నటి నుంచి ఎవరూ అతన్ని పక్కకు తిప్పలేదు. ఇప్పుడు తిప్పక తప్పలేదు. పెద్ద సిస్టర్ అతని వీపు కింద చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. చెమటేమో అనుకుంది. దుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంది. వెన్నులోకి వెళ్ళే గొట్టాన్ని తడుముకుంటూ అతుకు దాకా వెళ్ళింది. అది ఊడిపోయి ఉంది.

నిన్నటి నుంచి మందంతా తాగింది పరుపు.