మూడడుగుల సందు

ముగ్గుతో గీసిన గీతను జోజిబాబు చెప్పుకాలితో చెరిపేశాడు.

"గోడ ఇక్కడ కాదండీ. అదిగో, అక్కడ" అంటూ పక్కింటి లక్ష్మీనరసింహారావు గోడ అంచు చూపించాడు.

ముగ్గు డబ్బా పట్టుకున్న పెద్దాయన నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచాడు. పేరు రత్నబాబు. రెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చి ఇళ్ల ప్లాన్లు గీసిపెడుతుంటాడు. కాగితం మీద గీసి ఊరుకునే రకం కాదు. స్థలంలోనే అసలు కొలతలతో ముగ్గు పోసి, ఇంట్లోవాళ్లను ఆ గీతల మధ్య కూర్చోబెట్టి, పడుకోబెట్టి మరీ చూస్తాడు. నూజివీడు కుర్ర ఇంజనీర్లు అది చూసి నవ్వుకుంటారు.

ఆ రోజు రత్నబాబు, జోజిబాబు తల్లి ఇన్నమ్మను నడిమి గదిలో చాప వేసి పడుకోబెట్టాడు. గది అంటే నాలుగు ముగ్గు గీతలు.

"కిటికీ ఎటు కావాలమ్మా?"

"గాలొచ్చే వైపు పెట్టయ్యా" అంది ఇన్నమ్మ.

ఆమెది ఆయాసం మనిషి. రేకుల ఇంట్లో ముప్పై వేసవులు ఉడికింది. ఈ ఇల్లు కడుతున్నదే ఆమె కోసం.

"తూర్పున గోడౌను గోడ అడ్డం" అన్నాడు రత్నబాబు. "ఉన్నది రెండున్నర సెంట్లు. అమ్మ గదికి కిటికీ పెట్టాలంటే ఇంక పడమరే దిక్కండి. అటు మూడడుగుల సందు వదలండి."

"వదిలితే ఆయన కిటికీలకి గాలొస్తుంది."

"రానివ్వండి. మీ అమ్మకీ వస్తుంది."

జోజిబాబుకు ఒళ్లు మండింది.

అతని తండ్రి ఒకప్పుడు ఈ లక్ష్మీనరసింహారావుగారి మామిడి తోటలో కాపలా ఉండేవాడు. రెండు గంపల రసాలు తగ్గాయని కూలీలందరి ముందూ ఆయన చేత గుంజీలు తీయించారు. గంపలు మర్నాడు షెడ్డు వెనకే దొరికాయి. తప్పయిందని ఎవరూ అనలేదు. ఆ మనిషి మళ్లీ నలుగురిలోకి రాలేదు, ఏడాది తిరక్కుండా పోయాడు. అప్పుడు పదేళ్లవాడైన జోజిబాబు ఆ గుంజీలు లెక్కపెట్టాడు. నలభై మూడు.

హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు పెట్టి నిలదొక్కుకున్నాక, రావుగారి పక్క స్థలం చేతులు మారి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. రావుగారి కిటికీలన్నీ ఆ వైపే. జోజిబాబు బేరమాడకుండా కొన్నాడు. క్రైస్తవుడైనా అందరిలాగే ఈశాన్యం ఎలా ఉందో చూపించుకున్నాడు గానీ, అతని కళ్లన్నీ ఆ కిటికీల మీదే.

"పగ తీర్చుకోవద్దని నేననను" అన్నాడు రత్నబాబు. "మీ అమ్మ గదిలో తీర్చుకోకండి."

"మీకెంత ముట్టిందండీ ఆ ఇంట్లోంచి?"

పెద్దాయన రావుగారి ఇంటివైపు చాలాసేపు చూశాడు.

"ఆ ఇంట్లోంచి నాకేమీ రాలేదు బాబూ."

"మీరాయన మనిషేనని తెలిసిపోతోంది. రేపట్నుంచి రావద్దు."

"పెద్దాయన్ని అంత మాటనకు నాయనా" అంది ఇన్నమ్మ చాప మీంచి లేస్తూ.

కొడుకు వినలేదు. రత్నబాబు ఆమెకు దణ్ణం పెట్టి, సంచి భుజాన వేసుకుని బస్టాండువైపు నడిచాడు.

గోడ లేచింది. అంగుళం కూడా వదల్లేదు. చెప్పింది చెప్పినట్టు గీసే కుర్ర ఇంజనీరు దొరికాడు కాబట్టి రెండంతస్తులూ చకచకా పూర్తయ్యాయి.

స్లాబు వేసిన రోజున రావుగారు చేతికర్రతో వీధిలోకి వచ్చి తలెత్తి చూశాడు.

"పట్టపగలు లైటు వేసుకోవాల్సొస్తోంది జోజీ."

"అలవాటు చేసుకోండి. మా నాన్న ఏడాదిపాటు చీకట్లోనే కూర్చున్నాడు."

రావుగారు లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట జోజిబాబు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఇంత సుఖం ఎన్నడూ ఎరగనని భార్య జెరూషాతో అన్నాడు.

మే నెల వచ్చింది.

కరెంటు పోతే ఇన్నమ్మ గది కుంపటే. ఆమె వీధి మెట్ల మీద కూర్చుని రొప్పుతుంటే జెరూషా విసనకర్రతో విసిరేది. రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. రెండోసారి ఇంటికి తెస్తుంటే ఆమె ఆటోలోనే మొండికేసింది.

"నన్ను రేకుల కొంపలో దింపెయ్యి నాయనా. అక్కడ గాలన్నా ఆడుద్ది."

"నీ కోసమే కదమ్మా ఇల్లు కట్టింది?"

"నా కోసం కాదు. రావుగారి కోసం కట్టావు."

ఆ మాట జోజిబాబుకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. తల్లిని దింపి, అటునుంచి అటే రెడ్డిగూడెం వెళ్లాడు. గోడ పగలగొట్టించైనా సరే, ఆ పెద్దాయన చెప్పినట్టే చేయించాలనుకున్నాడు.

రత్నబాబు ఈస్టరుకు ముందే పోయాడట. ఊరందరికీ ఇళ్లు గీసిన మనిషి కడదాకా అద్దె గదిలోనే బతికాడని పక్కవాళ్లు చెప్పారు.

తిరిగి వచ్చేసరికి రావుగారి భార్య హైమవతి వాకిట్లో నిలబడి ఉంది. ఆవిడ పలకరించడం అదే మొదటిసారి.

"మీ అమ్మకెలా ఉంది బాబూ?"

"బాగాలేదండి. ప్లాన్ గీసిన పెద్దాయన, రత్నబాబు కోసం వెళ్లాను. పోయాడట. మీ మనిషే కదా, మీకు తెలియదా?"

"మా మనిషా?"

హైమవతి గేటు ఊచ పట్టుకుని, ఒకసారి తమ ఇంటి లోపలికి చూసింది.

"మా ఆయన మంచాన పడ్డారు. ఇంకా దాచి ఏం మూటగట్టుకుంటాంలే. మా ఇల్లున్నదీ, మీ ఇల్లున్నదీ, ఈ ఐదు సెంట్లూ ఆ రత్నబాబుగారివే బాబూ. దొంగ కాగితాలు పుట్టించి, పెళ్లాం బిడ్డలతో సహా ఆయన్ని ఇక్కణ్నుంచి గెంటేసింది మావాళ్లే."