తక్కువ బిళ్ళలవాడు

గోదాము తలుపు పక్కన గోడకు వరసగా మేకులు కొట్టి, హమాలీకొక రేకు డబ్బా తగిలించారు.

బోధన్ దగ్గరి ఆ చక్కెర గోదాముకు కొత్తగా వచ్చిన అధికారి పెట్టిన పద్ధతి అది. బస్తా మోసుకొచ్చి లోపల పేర్చినవాడికి ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దాన్ని తన డబ్బాలో వేసుకోవాలి. రోజూ సాయంత్రం డబ్బాలు బోర్లించి లెక్క రాసుకుంటారు. వారం చివర తక్కువ తేలినవాడు ఇంటికి.

అప్పటిదాకా హమాలీల ముఠా అంటే ముఠాయే. వయసువాడు నాలుగు మోసినా, ముసలివాడు ఒకటి మోసినా, కూలి అందరికీ సమానం. అధికారికి అది దొంగతనంలా కనిపించింది. జన్మలో ఒక్క బస్తా ఎత్తనివాడు వీపులకు విలువ కట్టడానికి వచ్చాడు.

పోనీ, ముఠా ఎదురు తిరిగిందా? అదీ లేదు. చేతిలో బిళ్ళ పడగానే ఒకరి డబ్బాలోకి ఒకరు తొంగిచూడటం నేర్చుకున్నారు.

అందరి కళ్ళూ తుకారాం మీద పడ్డాయి. మంజీర నది అవతల, మరాఠీ సీమలోని దెగ్లూరు వైపు నుంచి ఈ మధ్యే వచ్చిన మనిషి. ముప్పై ఏళ్ళుండవు. ఎద్దు మూపురం లాంటి భుజాలు. డబ్బాలో మాత్రం బిళ్ళలు అడుగునే ఉండేవి.

ఎక్కువ ఎగతాళి చేసింది లింబాద్రి. ముఠాలో అందరికన్నా పెద్దవాడు, ఆయాసం మనిషి. లెక్క రాదు గానీ, నిండిన తన డబ్బా చూసి మీసం దువ్వేవాడు.

"ముసలోని డబ్బా సూడు, నీ డబ్బా సూడు. తిని పెయ్యి పెంచుడేనారా, పని రాదా?"

"నిజమే బాపు" అని తుకారాం మళ్ళీ బస్తా కిందికి వీపు వంచేవాడు.

శనివారం తుకారాం లెక్కే తక్కువ తేలింది. ఇక రావద్దన్నాడు అధికారి. ముఠాలో ఒక్కడూ అడ్డుపడలేదు. పరాయివాడు పోతే మనకేం పోయిందనుకున్నారు. తుకారాం తలగుడ్డ దులుపుకొని, లింబాద్రికి దండం పెట్టాడు.

"దండాలకు బిళ్ళలియ్యరు బిడ్డా" అన్నాడు లింబాద్రి. ముఠా అంతా నవ్వింది.

సోమవారం లింబాద్రి ఎప్పటిలాగే మోశాడు. ఎప్పటిలాగే మధ్య మధ్య కూలబడి దగ్గాడు. సాయంత్రం డబ్బా దించితే బిళ్ళలు అడుగు కూడా కప్పలేదు. తన బిళ్ళలు ఎవడో కొట్టేశాడని ముఠా మీద విరుచుకుపడ్డాడు.

తలుపు దగ్గర కూర్చుని చిరిగిన సంచులు కుట్టే హన్మవ్వ దబ్బనం కింద పెట్టింది.

"ఎవ్వలు తియ్యలే కాకా. నువ్వు రోజు మోసేటియి గన్నే."

"మరి మొన్నటిదాంక డబ్బా ఎట్ల నిండింది?"

హన్మవ్వ ఒళ్ళోని సంచి పక్కకు తీసింది.

"నీకు చెప్పొద్దన్నడు. శనారం నేను నోరు తెరవబోతే కండ్లతోనే వద్దన్నడు. 'నాకు ఇంకో గోదాం దొరుకుతది, గీ పెద్దాయన్ను ఎవలు పెట్టుకుంటరు' అని, తెచ్చిన రెండు బిళ్ళల్ల ఒకటి నీ డబ్బల ఏసి పోయెటోడు తుకారాం."