దుంప తల

జొన్నచేలో కాపురముంటున్న పందికొక్కుకు ఆ ఏడు గింజ దక్కలేదు. వానలు ముఖం చాటేసి చేను నిలువునా ఎండిపోతే, నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని కొండెక్కింది. అడవిలో ఏది తినాలో, ఏది తినకూడదో దానికి తెలియదు.

అక్కడ ఒక ముసలి ఏదుపంది పిల్లల ఎండిన డొక్కలు చూసింది. ఏమీ అడక్కుండా ఒక తీగ మొదట్లో తవ్వింది. మూరెడు దుంప బయటపడింది. ఏదుపంది తీగ అంటుకున్న తల భాగాన్ని కొరికి, మళ్ళీ ఆ గుంటలోనే పెట్టి మన్ను కప్పింది. మిగతాదంతా పిల్లల ముందుకు తోసింది.

“పిల్లలు ఆకలితో మాడుతుంటే తిండిని మట్టిపాలు చేస్తావేంటి అవ్వా?” అంది పందికొక్కు కోపంగా.

“నిరుడు నేను కాలు విరిగి ఇక్కడే పడి ఉన్నాను బిడ్డా. ఈ తీగే నన్ను బతికించింది. తల పాతితే మళ్ళీ దుంప ఊరుతుంది. దీని తల ఎవరు పాతి వెళ్ళారో తెలియదు. వాళ్ళకూ ఆకలయ్యే ఉంటుంది.”

చాలా రోజుల తర్వాత పిల్లలు కడుపారా తిని నిద్రపోయారు.

మర్నాడు పందికొక్కు తనే ఒక తీగ వెతికి తవ్వింది. దుంప జానెడు కూడా లేదు. తల కొరికి పట్టుకోగానే చిన్నపిల్ల నోరు తెరిచింది. పందికొక్కు ఒక్క క్షణం ఆగింది. తల గుంటలో పెట్టి మన్ను కప్పి, తన వంతు ముక్క ఆ నోట్లో పెట్టింది.

“మట్టిలోది ఎవరికమ్మా?” అంది పిల్ల నములుతూ.

“నిన్నటి దుంప మొదట పాతినవాళ్ళ పిల్లలకు.”

“వాళ్ళెవరు?”

“తెలియదమ్మా. ఇటొస్తే తింటారు.”