సముద్రం కాడ దావత్

"మోకాళ్ళ దాంక గూడ దిగకు. ఇంటున్నవా? పాదాలు తడిస్తె సాలు!"

పూలమ్మ టేప్‌రికార్డరు మీదకి వంగి అరుస్తోంది, అవతలి మనిషికి చెవుడన్నట్టు.

"మెల్లగా చెప్పు పూలమ్మా, వినిపిస్తుందిలే," అంది సీతారావమ్మ టీచరు. టేప్‌రికార్డరు ఆవిడదే. ఆవిడ పనిచేసే బడిలోనే పూలమ్మ ఊడ్చి, నీళ్ళు నింపుతుంది.

"దుబాయి దాంక ఇనబడాలె గద టీచరమ్మా!"

పూలమ్మ మొగుడు లింబాద్రి దుబాయికి వెళ్ళి నాలుగు నెలలైంది. ఆ రోజు వాడకట్టు వాడకట్టంతా బాన్సువాడ బస్టాండుకొచ్చి, దండలేసి, డప్పులు కొట్టి మరీ బస్సెక్కించింది. రాయడం రాదు కాబట్టి మాటల్ని కాసెట్టులో నింపి పంపుతుంటాడు. పోస్టులో వేస్తే పగిలిపోతాయని, సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిస్తాడు. వాళ్ళు పిట్లంలో ఉండే అతని దోస్తు పోచన్నకిస్తారు. పోచన్న తెచ్చి పూలమ్మకిస్తాడు. ఇటునుంచి అటూ అదే దారి.

కిందటి కాసెట్టులో ఆ మహానుభావుడు ఊరికే ఉండొచ్చుగా! "ఫికర్ జెయ్యకు పూలా. ఈడ పని తక్కువ, కుషీ ఎక్కువ. ఆగస్టు పదిహేను నాడు కంపెనోళ్ళు సముద్రం ఒడ్డుకు పెద్ద దావత్ ఇస్తుండ్రు. మూడువేల మంది!" అన్నాడు.

అంతే. పూలమ్మకి అన్నం సహించలేదు. పక్క తండా హర్యా పోయినేడు అట్లాంటి దావత్‌కే పోయి, సముద్రంలో దిగి, మళ్ళీ పైకి రాలేదు. లింబాద్రికి ఈత రాదు. బర్రెను కడగమంటే చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళు చల్లే రకం.

అందుకే ఈ జాగ్రత్తలు.

"మనోళ్ళను ఇడిసిపెట్టి ఒక్కనివే తిరగకు. ఎవడో ఇచ్చింది తాగకు. పాస్‌పోర్టు లోపలి జేబుల వెట్టి పిన్నీసు వెట్టు. బస్సు యాడ ఆగిందో గుర్తు వెట్టుకో. ఎర్ర అంగీ తొడుగు, మూడువేల మందిల గూడ కానొస్తవు. ఇగ ఆఖరు మాట. నీళ్ళల్ల దిగితివా, నా మీద ఒట్టే!"

పోచన్న కాసెట్టు పట్టుకుపోయాడు.

ఆగస్టు పదిహేను రానే వచ్చింది. బడిలో పంచిన చాక్లెట్ బిళ్ళలు పూలమ్మ నోట్లో పెట్టుకోలేదు. ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చింది. మర్నాడూ అంతే. ఎవరైనా "పూలమ్మా" అని పిలిస్తే చాలు, చీపురు జారవిడిచి గుండె పట్టుకునేది.

వాన విడవలేదు. నిజాంసాగర్ ప్రాజెక్టు గేట్లెత్తారని ఊరు ఊరంతా బస్సులెక్కి చూడ్డానికి పోతోంది. బడికి సగం మంది పిల్లలు రాలేదు.

"నువ్వూ వెళ్ళి చూసిరా, మనసు తేలికపడుతుంది," అంది టీచరు.

"నీళ్ళ పేరెత్తకుండ్రి టీచరమ్మా! పాణం గాబర గాబరైతది."

దావత్ అయిన మూడో రోజుకే పోచన్న వచ్చాడు. ఎప్పుడూ నెల పట్టే కాసెట్టు!

"నిన్న ఇమానం దిగినాయన ఇచ్చిండక్కా," అంటూ ఆమె చేతిలో పెట్టి, చాయ్ తాగమన్నా ఆగకుండా పోయాడు.

పూలమ్మ పరుగున టీచరు ఇంటికి వచ్చింది. సీతారావమ్మ బటన్ నొక్కింది.

"పూలా, నేను మంచిగున్న."

పూలమ్మ గోడకి జారగిలబడి భోరుమంది. బతికున్నాడు. ఆ తర్వాతి నాలుగు మాటలు ఏడుపులో వినబడక, టీచరు మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

"దావత్ జోర్దార్ నడుస్తుంది. నువ్వు చెప్పినట్లె ఎర్ర అంగీ తొడిగిన. మనోళ్ళ నడిమిట్ల గూసున్న. ఒక్క చుక్క ముట్టలే. కాయితాలు జేబులనె ఉన్నయి. అందరు నీళ్ళకాడ ఎగురుతుండ్రు, నేను ఒడ్డు మీదనె ఉన్న."

నడుమ రెండుసార్లు తుమ్మాడు. దగ్గాడు.

"అబద్ధం!" పూలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే లేచి నిలబడింది. "తడిసిండు! నీళ్ళల్ల దిగిండు! ఆయన గొంతు నాకు తెల్వదా టీచరమ్మా? అబద్ధమాడేటప్పుడే గట్ల సన్నగైతది."

"దిగితే దిగాడు. ఒడ్డుకొచ్చాడుగా తల్లీ!"

ఆ మాటకి పూలమ్మకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

"నువ్వు నమ్మవని నాకెర్కనే," అంటున్నాడు లింబాద్రి. "అందుకే టేపు ఈడికె తెచ్చి నింపుతున్న. ఇగ ఇను, సముద్రం చప్పుడు!"

హోరు మొదలైంది. మధ్యమధ్య జనం గోల, ఈలలు. పూలమ్మ చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది.

సీతారావమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆమె పుట్టింది బందరులో. ఆమెకి తెలిసిన సముద్రం ఒకసారి అరిచి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అరుస్తుంది. ఇది ఆగకుండా అరుస్తోంది. దుబాయి సముద్రం తీరే వేరేమో అనుకుంది. మరికాసేపు విన్నాక ఆమె చెయ్యి టేపు ఆపడానికి కదిలింది.

"చాల్లే పూలమ్మా, బ్యాటరీలు అయిపోతాయి."

"ఇంకొంచెం, మీ కాళ్ళు మొక్కుత! ఆయన ఉన్న జాగ చప్పుడు గద!" పూలమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఆ హోరు వెనక నుంచి ఒక కండక్టరు కేక స్పష్టంగా వినిపించింది: "బాన్సువాడ, బాన్సువాడ... గేట్లు జూసినోళ్ళు జల్ది ఎక్కుండ్రి, ఇదే ఆఖరి బస్సు!"