పేరు కింద వాక్యం

"ఈ మాట ఎవరు రాశారమ్మా?" అని అడిగాడు పన్నుల ఆఫీసరు, వార్షిక సంచిక నాలుగో పేజీ మీద వేలు పెట్టి.

సేవాసంస్థ సెక్రటరీ వంగి చూసింది. పేజీ మధ్యలో బేకరీ పేరు, అడ్రసు, 'మీ సాయానికి కృతజ్ఞతలు' అని ఉన్నాయి. ఆ కింద చిన్న అక్షరాల్లో మరో వాక్యం: 'ఈ బేకరీ బ్రెడ్డంత మెత్తని బ్రెడ్డు ఊరంతా గాలించినా దొరకదు.'

"స్పాన్సరుకి థాంక్స్ చెప్పాం సార్, అంతే."

"థాంక్స్ పైన చెప్పారు. కింద చెప్పింది వేరే. పేరేసి దండం పెడితే స్పాన్సర్‌షిప్, దానికి పన్ను లేదు. మా సరుకు గొప్పది, ఇంకెక్కడా దొరకదు అంటే ప్రకటన. డబ్బు తీసుకుని ప్రకటన వేస్తే అది వ్యాపారమేగా? వ్యాపారానికి పన్ను కట్టాల్సిందే. జరిమానాతో సహా."

"ఇక్కడ వ్యాపారమేంటి సార్! నయంకాని జబ్బులతో వచ్చినవాళ్ళని పైసా తీసుకోకుండా చూసుకుంటున్నాం. బేకరీ ఇచ్చిన డబ్బుతోనే రెండో నర్సుకి జీతం ఇస్తున్నాం. అందులో మీరు కోత పెడితే ఆవిణ్ణి మాన్పించాలి. ఇరవై రెండు మంచాలకి ఒక్కతే నర్సంటే..."

"నాకు మాత్రం సరదానా?" అన్నాడు ఆఫీసరు, ఈసారి కాస్త మెల్లగా. "కాగితం మీద ఉన్నది చూసి రాయడమే నా పని."

ఫోను మోగడంతో ఆయన వరండాలోకి వెళ్ళాడు. ఆ సందు కోసమే కాచుకున్నట్టు పక్కనున్న అకౌంటెంటు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"మేడమ్, ఆ వాక్యం మేం రాయమనలేదని బేకరీ వాళ్ళ చేత పాత తేదీతో ఓ ఉత్తరం రాయిస్తే..."

"వద్దు."

"రాయమనలేదన్నది నిజమేగా!"

"నిజమే. చెక్కు తెచ్చినాయన పేరొక్కటే వెయ్యమన్నాడు. కానీ తేదీ అబద్ధం కదండీ. దొంగ కాగితంతో మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?"

అన్నదే గానీ, తప్పంతా తనదే. రోగులు చెప్పిన మాటలు నాలుగు ఏరి సంచికలో వేద్దామనుకుంది. బేకరీ పేజీలో కింద ఖాళీ కనబడేసరికి, బాగుంటుందని ఈ వాక్యం అక్కడ పెట్టించింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది.

ఆఫీసరు లోపలికి రాగానే దాచకుండా ఉన్నదంతా చెప్పేసింది.

ఆయన నాలుగో పేజీ మరోసారి చూశాడు. "అంటే మీ రోగి తనంతట తను అన్న మాట. బేకరీ వాళ్ళ ప్రమేయం లేదు. అదే నిజమైతే వదిలెయ్యొచ్చు. ఆ మనిషి ఉన్నారా?"

ఉన్నారా అన్న మాటకి సెక్రటరీ ఉలిక్కిపడింది. సంచికలో మాటలు చెప్పిన నలుగురిలో ముగ్గురు పోయారు.

"ఉంది సార్. రండి."

కిటికీ పక్క మంచం మీద పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చునుంది. అందరూ ఆవిణ్ణి కబుర్ల పెద్దమ్మంటారు. వచ్చి నాలుగు నెలలైంది. అంతకుముందు ఏం చేసేవారు, ఎంత ఆస్తి ఉండేది అని ఎవర్నీ అడగడం ఆ సంస్థలో లేదు. జబ్బు చూస్తారు, మంచం చూపిస్తారు. నోరంతా పుళ్ళు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు తప్ప గొంతు దిగదు. అయినా కబుర్లకి మాత్రం లోటు లేదు.

"పెద్దమ్మా, సంచికలో బ్రెడ్డు గురించి చెప్పింది నువ్వేనని ఈ సార్‌కి చెప్పు."

"నేనే. ఏం, తప్పా?"

ఆఫీసరు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "తప్పేం లేదు పెద్దమ్మా. నిన్నెవరైనా అలా అనమన్నారా?"

"ఎనభై ఏళ్ళొచ్చాక నాకొకరు మాటలు నేర్పాలా?"

"ఆ మాట అన్నందుకు ఎవరైనా డబ్బులిచ్చారా?"

పెద్దమ్మ నవ్వబోయి, పుళ్ళు మండి, చేత్తో దవడ పట్టుకుంది. "నాకెవడిస్తాడు నాయనా! ఈ నోట్లో ఇంకేదీ నిలవట్లేదు. ఆ బ్రెడ్డొక్కటే మంట లేకుండా జారుతుంది. ఉన్నమాటే అన్నాను."

ఆఫీసరు ఆవిడ పెదవుల చివర పగుళ్ళ కేసి చూసి, తల దించుకుని, ఒళ్ళో ఫైలు తెరిచాడు. పెన్సిల్‌తో రాసుకున్న 'ప్రకటన' అన్న మాటని రబ్బరుతో తుడిచేశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

సెక్రటరీ మంచం కమ్మీ పట్టుకుని ఊపిరి వదిలింది. గుమ్మంలో నిలబడ్డ రెండో నర్సు కళ్ళు తుడుచుకుంది. ఉన్నదున్నట్టు చెప్పడం ఎంత మంచిదైందో అనుకుంది సెక్రటరీ.

'స్పాన్సర్' వరకూ రాసి, ఆఫీసరు తలెత్తి మర్యాదకి ఓ మాట కలిపాడు. "ఇంతకీ పెద్దమ్మా, ఏం కలుపుతారో ఏమో అందులో, అంత మెత్తగా రావడానికి?"

పెద్దమ్మ కళ్ళు మెరిశాయి. "అదొక్కటీ అడక్కు నాయనా! నలభై ఏళ్ళ నుంచీ ఆ బేకరీ నడుపుతూ నా పనివాళ్ళకే చెప్పలేదు, నీకెలా చెప్తాను?"